తొలి ఆల్బాన్ని టేపుకు తాకట్టు పెట్టొద్దు

కొత్తగా కూడిన ఏ బ్యాండు దగ్గరికి వెళ్లినా ఇప్పుడు ఒక మాట తప్పకుండా వినబడుతోంది. తొలి ఆల్బం ఇంట్లోనే తీయాలి, అదీ కంప్యూటర్ మీద కాదు, పాతకాలపు టేపు మిషన్ మీద తీయాలి. టేపు మీద పడిన శబ్దానికి వెచ్చదనం ఉంటుంది, కంప్యూటర్లోకి వెళ్లిన శబ్దం చప్పబడిపోతుంది. నాలుగో ఎనిమిదో ట్రాకులే ఉంటే వాయించేవాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకుని వాయిస్తారు, లెక్కలేనన్ని ట్రాకులు చేతికొస్తే బద్ధకిస్తారు. గొప్ప ఆల్బంలు కొన్ని ఇలాగే పడకగదుల్లో, నేలమాళిగల్లో పుట్టాయి. పైగా టేపు తరాల పాటు నిలుస్తుంది, హార్డ్ డిస్కు ఎప్పుడు మొరాయిస్తుందో ఎవరూ చెప్పలేరు. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ‘నెబ్రాస్కా’ ఆల్బం పుట్టుకపై 2025లో సినిమా కూడా వచ్చింది. పడకగది, నాలుగు ట్రాకుల క్యాసెట్ మిషన్, రెండు మైకులు, ఒక మనిషి. ఇంతకు మించి ఇంకేం కావాలని అడుగుతున్నారు.

ఈ వాదన చేసేవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. వాళ్లలో మంచి వాద్యకారులున్నారు, చెవి పదునైన ఇంజనీర్లున్నారు. వాళ్ల మాటలో సగం నిజమే. ఇంట్లో తీసిన ఆల్బం స్టూడియోలో తీసినదానికి ఏ విధంగానూ తీసిపోనక్కర్లేదు. గంటకింతని అద్దె కడుతూ, గడియారం చూసుకుంటూ వాయించినప్పుడు రాని టేకు ఇంట్లో రాత్రి పదకొండింటికి రావచ్చు. చిక్కంతా రెండో సగంతోనే. ఇల్లు చేసిన మేలును మిషన్ ఖాతాలో రాస్తున్నారు. ఆ తప్పుడు లెక్కను నమ్మి కుర్ర బ్యాండ్లు చేతిలో ఉన్న కాస్త డబ్బునూ, అంతకన్నా విలువైన కాలాన్నీ అరిగిపోయిన యంత్రాలకు ధారపోస్తున్నాయి. అందుకే ఒక్కో వాదననూ విడివిడిగా విప్పి చూడాలి.

1. గొప్ప ఆల్బంలలో ‘పాత’ మిషన్ ఎక్కడుంది?

సాక్ష్యంగా చూపే ఆల్బంలతోనే మొదలుపెడదాం. ఒక బ్యాండు తన తొలి ఆల్బాన్ని ఇంట్లో, టేపు మీద తీసిన ఉదాహరణల్లో అన్నిటికన్నా పెద్దది ‘బోస్టన్’. 1976లో విడుదలైన ఆ ఆల్బం ఒక్క అమెరికాలోనే కోటీ 70 లక్షల కాపీల ధ్రువీకరణ అందుకుంది. దాని వెనకున్న టామ్ షోల్జ్ ఎంఐటీలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి పోలరాయిడ్ కంపెనీలో పనిచేస్తున్న మనిషి. పగలు ఉద్యోగం. రాత్రయితే మసాచుసెట్స్‌లోని వాటర్‌టౌన్‌లో తానుండే ఇంటి నేలమాళిగలో, ఫర్నేసు పక్కన ఇరుకు జాగాలో కూర్చుని, 12 ట్రాకుల స్కల్లీ మిషన్ మీద ఒక్కో పొరా వాయించి పేర్చుకోవడం. ఒప్పందం కుదిరాక ఎపిక్ రికార్డు కంపెనీ ఈ పాటలన్నీ అసలైన స్టూడియోలో మళ్లీ తీయాలని పట్టుబట్టింది. నిర్మాత జాన్ బోయ్‌లాన్ మిగతా సభ్యులను లాస్ ఏంజెలిస్‌లో పనిలో పెట్టి కంపెనీ చూపు అటు మళ్లించాడు. షోల్జ్ నేలమాళిగ వదల్లేదు. చివరికి ఒక రికార్డింగ్ ట్రక్కును ఇంటి ముందుకు తెప్పించి, కిటికీలోంచి కేబుళ్లు లాగి, ఆ ట్రాకులను 24 ట్రాకుల టేపులోకి ఎక్కించారు. బ్రాడ్ డెల్ప్ గొంతును లాస్ ఏంజెలిస్‌లో తీశారు.

ఇది ఇంటి గొప్పతనానికి తిరుగులేని సాక్ష్యం. పాత మిషన్ గొప్పతనానికి మాత్రం కాదు. షోల్జ్ వెనక్కి చూసిన మనిషి కాదు, బజారులో లేని పరికరాన్ని తానే తయారుచేసుకున్న మనిషి. 1980లో సొంత కంపెనీ పెట్టి, చేతిలో ఇమిడే ‘రాక్‌మన్’ గిటార్ యాంప్లిఫయర్‌ను 1982లో బయటికి తెచ్చాడు. ఆ ఆల్బం నిగ్గుకు కారణం ఏళ్ల తరబడి తీసిన డెమోలు, ఎదురైన తిరస్కారాలు, ఒకే పాటను మళ్లీ మళ్లీ చెక్కిన ఓపిక. ఇవేవీ స్కల్లీ మిషన్‌తో పాటు పెట్టెలో వచ్చినవి కావు.

ఇక ‘నెబ్రాస్కా’. 1982 జనవరి 3న న్యూజెర్సీలోని కోల్ట్స్ నెక్‌లో, తానుంటున్న ఇంట్లో స్ప్రింగ్‌స్టీన్ ఆ పాటల్లో చాలా వాటిని పాడుకున్నాడు. వాడింది టీయాక్ 144 పోర్టాస్టూడియో, రెండు షూర్ ఎస్ఎం57 మైకులు. ఆ పోర్టాస్టూడియో బజారులోకి వచ్చింది 1979లో. అంటే అతని చేతిలో ఉన్నది పురావస్తువు కాదు, అప్పటికి సరికొత్త వస్తువు. మామూలు క్యాసెట్ మీద నాలుగు ట్రాకులు తీసే సౌకర్యం అంతకు ముందు ఇంట్లో కూర్చున్న పాటగాడికి లేదు. ఈ రోజు దానికి సరితూగేది అటక మీది టీయాక్ కాదు, బల్ల మీది ల్యాప్‌టాప్.

తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. ఆ నాలుగు ట్రాకులను ఎకోప్లెక్స్ అనే ప్రతిధ్వని పరికరం గుండా పంపి, ఒకసారి నీళ్లలో పడి పాడై మళ్లీ పలికిన పానసోనిక్ టేప్ రికార్డర్ మీద మిక్స్ చేశారు. పెట్టె కూడా లేని ఆ క్యాసెట్ కొన్ని వారాల పాటు అతని జేబులో తిరిగింది. అవి బ్యాండుకు వినిపించడానికి తీసిన డెమోలు. బ్యాండుతో స్టూడియోలో తీసి చూస్తే ఆ పాటల్లోని ఒంటరితనం పోయింది, దాంతో క్యాసెట్‌నే విడుదల చేయాలని నిర్ణయించుకున్నాడు. అక్కడి నుంచి ఆ క్యాసెట్‌ను ఎల్పీగా కట్ చేయడానికి ఒకరి తర్వాత ఒకరు మాస్టరింగ్ ఇంజనీర్లు నానా తంటాలు పడ్డారు. శబ్దం స్థాయి సరిపోలేదు, సూది నిలవలేదు. అంటే మిషన్ ఆ ఆల్బానికి చేసిన సాయం కన్నా పెట్టిన ఇబ్బందే ఎక్కువ. దాన్ని దాటించింది ఒక పెద్ద కంపెనీ డబ్బు, న్యూయార్క్‌లోని ఆరితేరిన చెవులు. అది అతని ఆరో ఆల్బం కూడా. ఎక్కువ భాగం ఒక గొంతు, ఒక గిటారు, ఒక మౌత్ ఆర్గాన్. డ్రమ్స్, బేస్, రెండు గిటార్లు, కీబోర్డుతో ఐదుగురు కూర్చునే తొలి ఆల్బానికి దాన్ని నమూనాగా పెట్టుకోవడం ఎక్కడి తర్కం?

‘మ్యూజిక్ ఫ్రమ్ బిగ్ పింక్’ సంగతి మరీ విచిత్రం. ‘ద బ్యాండ్’ వారి ఈ తొలి ఆల్బం 1968లో వచ్చింది. వెస్ట్ సాగర్టీస్‌లోని ‘బిగ్ పింక్’ అనే గులాబీ రంగు ఇంట్లోనే దీన్ని తీశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఇంటి నేలమాళిగలో 1967లో బాబ్ డిలన్‌తో కలిసి పాడుకున్న టేపులు వేరు. ఆల్బాన్ని రికార్డు చేసింది న్యూయార్క్‌లో, లాస్ ఏంజెలిస్‌లో ఉన్న వృత్తి స్టూడియోలలో. ఇల్లు వాళ్లకిచ్చింది పాటలు కుదురుకునే తీరిక.

నాలుగు ట్రాకులతోనే అద్భుతాలు చేశారని పొగడ్తలందుకునే బీటిల్స్ కూడా ఎనిమిది ట్రాకులు దొరికిన వెంటనే అటు నడిచారు. 1968లో ‘హే జూడ్’ కోసం అబీ రోడ్ వదిలి ట్రైడెంట్ స్టూడియోకి వెళ్లారు, అక్కడ ఎనిమిది ట్రాకుల మిషన్ ఉంది కనుక. అప్పటి వాళ్లెవరూ పాతదాన్ని వెతుక్కోలేదు. తమ కాలంలో అందిన మంచి సాధనాన్ని పట్టుకున్నారు. వాళ్లను అనుసరించాలంటే చేయాల్సింది అదే.

2. ‘వెచ్చదనం’ ఇచ్చే సాక్ష్యం

టేపు శబ్దాన్ని మార్చదని అనడం అబద్ధం. డ్రమ్ము మీద గట్టిగా పడిన దెబ్బ టేపుకెక్కేటప్పుడు దాని మొన కాస్త గుండ్రబడుతుంది. టేపు మీది అయస్కాంత కణాలు పట్టగలిగినంత పట్టాక మిగిలింది మెల్లగా అణిగిపోతుంది, ఆ అణగడంలో అసలు స్వరానికి తోడుగా మూడో హార్మోనిక్ సన్నగా పలుకుతుంది. కింది శబ్దాలు ఒకచోట కొంచెం ఉబ్బుతాయి, పైవాటి కరుకు తగ్గుతుంది. చెవికి ఇంపుగానే ఉంటుంది. ఇది కొలిచి చూపగలిగిన భౌతికశాస్త్రం.

కానీ ఈ గుణం ఏ పాత మిషన్ కొన్నా దానంతట అది రాదు. సరైన టేపు, దానికి తగ్గట్టు అమర్చిన బయాస్ కరెంటు, అరగని హెడ్, సెకనుకు 15 లేదా 30 అంగుళాలు పరిగెత్తే రెండంగుళాల రీలు, వీటన్నిటినీ పని మొదలయ్యే ముందు కాలిబ్రేషన్ టేపు పెట్టి సరిచూసే టెక్నీషియన్ ఉన్నప్పుడే వస్తుంది. పాత ఆల్బంలలో మనకు నచ్చే శబ్దం వెనక ఈ బలగమంతా ఉంది. నలభై ఏళ్ల కింద ఇంటి వాడకానికి చేసిన, హెడ్డు అరిగిన మిషన్ ఇచ్చేది ఒక బుస, ఊగిసలాడే శృతి, అక్కడక్కడ మాయమయ్యే శబ్దం. దీన్నీ దాన్నీ ఒకే పేరుతో పిలవడం వినేవాళ్లను తప్పుదారి పట్టించడమే.

డిజిటల్ శబ్దం మెట్లుమెట్లుగా ఉంటుందని, మెట్ల మధ్య సంగీతం జారిపోతుందని ఇంకొక ప్రచారం. సెకనుకు 44,100 నమూనాలు తీస్తే 22,050 హెర్ట్జ్ లోపలి ప్రతి కంపనాన్నీ పూర్తిగా తిరిగి కట్టవచ్చని నైక్విస్ట్, షానన్ సిద్ధాంతం చెబుతుంది. మనిషి చెవికి అందేది సుమారు 20,000 వరకే, వయసుతో పాటు అదీ తగ్గుతుంది. కన్వర్టర్‌లోంచి బయటికొచ్చేది మెట్ల వరస కాదు, నున్నటి తరంగం. సీడీకి వాడే 16 బిట్ల పద్ధతిలోనే గట్టి శబ్దానికీ నిశ్శబ్దానికీ మధ్య 96 డెసిబెల్స్ దూరం ఉంటుంది. నాయిస్ రిడక్షన్ లేకుండా మంచి స్టూడియో టేపు కూడా 60, 70 డెసిబెల్స్ దగ్గరే ఆగిపోతుంది. మామూలు క్యాసెట్ అంతకన్నా కింద.

అయినా చెవి అబద్ధం చెప్పదు కదా అంటారు. చెవి ఏం చెబుతుందో 2022లో లోకమంతా చూసింది. మొబైల్ ఫిడెలిటీ సౌండ్ ల్యాబ్ అనే అమెరికన్ సంస్థ అసలు మాస్టర్ టేపుల నుంచి తయారుచేసిన ఖరీదైన ఎల్పీలకు పేరుమోసింది. వాటిని కొనేవాళ్లు ఏళ్లకేళ్లు సంగీతం వింటూ లక్షల రూపాయల పరికరాలు పెట్టుకున్న రసికులు. డిజిటల్ తాకని శుద్ధ అనలాగ్ శబ్దానికి ఆ ఎల్పీలనే ఉదాహరణగా చూపించేవాళ్లు. 2011 నుంచే ఆ సంస్థ చాలా ఎల్పీల తయారీలో మధ్యన ఒక డిజిటల్ అంచె వాడుతోందని 2022 జులైలో బయటపడింది. దావాలు పడ్డాయి, 2.5 కోట్ల డాలర్ల రాజీకి సంస్థ సిద్ధపడింది. మోసపోయామన్న కొనుగోలుదారుల కోపం న్యాయమైనదే. అయితే విషయం బయటపడింది అడిగితే, వింటే కాదు. అన్నేళ్ల పాటు ఆ ఎల్పీలను విన్న సునిశితమైన చెవుల్లో ఒక్కటీ ఆ డిజిటల్ అంచెను కచ్చితంగా పట్టి చూపలేకపోయింది. మధ్యలో డిజిటల్ అడుగుపెడితే సంగీతం ప్రాణం పోతుందన్న వాదన ఆ రోజే కూలిపోయింది.

టేపు రంగు నిజంగా కావాలనుకునే బ్యాండుకు ఇంకో సంగతి కూడా తెలియాలి. శుభ్రంగా తీసిన పాటకు ఆ రంగు తర్వాత అద్దవచ్చు, నచ్చకపోతే తీసేయవచ్చు. టేపు మీదే తీసిన పాటలోని బుసను తర్వాత తీయబోతే గొంతులోని ఊపిరి కూడా దాంతో పోతుంది.

3. పరిమితి నేర్పే క్రమశిక్షణ

అన్నిటిలోకీ గౌరవించదగ్గ వాదన ఇదే, కనుక దీని దగ్గర కాస్త ఆగాలి. ట్రాకులు తక్కువైతే బ్యాండు ముందే ఆలోచించుకుంటుంది, సాధన చేసి వస్తుంది, సరిచేసుకోవచ్చులే అన్న ధీమా ఉండదు అంటారు. ‘ద బ్లాక్ కీస్’ తమ రెండో ఆల్బం ‘థిక్‌ఫ్రీక్‌నెస్’ను ఓహాయో రాష్ట్రం ఆక్రన్‌లో, డ్రమ్మర్ ఇంటి నేలమాళిగలో, టాస్కామ్ 388 మీద 14 గంటల్లో పూర్తిచేశారని చూపిస్తారు.

ఆ 388నే ఐదుగురు సభ్యుల బ్యాండు చేతిలో పెట్టి చూద్దాం. పావు అంగుళం టేపు మీద ఎనిమిది ట్రాకులు. కిక్‌కి ఒకటి, స్నేర్‌కి ఒకటి, పైనుంచి వేలాడే రెండు మైకులకు రెండు. డ్రమ్స్‌తోనే నాలుగు అయిపోయాయి. బేస్‌తో ఐదు, రెండు గిటార్లతో ఏడు, గొంతుతో ఎనిమిది. కీబోర్డు ఎక్కడ? కోరస్ ఎక్కడ? అందుకని నాలుగు డ్రమ్ ట్రాకులను కలిపి రెండింటిలోకి దించి, పాతవి చెరిపేసి ఆ జాగాలో కొత్తవి తీయాలి. అలా దించే క్షణంలోనే కిక్ ఎంత వినబడాలి, స్నేర్ ఎంత వినబడాలి అన్నది తేలిపోవాలి. అప్పటికి గొంతు లేదు, కీబోర్డు లేదు. నెల తర్వాత అన్నీ కూర్చాక స్నేర్ గొంతును మింగేస్తోందని తెలిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు, విడి ట్రాకులు చెరిగిపోయాయి. దించిన ప్రతిసారీ బుస ఒక పొర పెరుగుతుంది, పై శబ్దాల మెరుపు ఒక పొర తగ్గుతుంది. వందల పాటలు మిక్స్ చేసిన ఇంజనీరు ఆ నిర్ణయం నిబ్బరంగా తీసుకోగలడు. జీవితంలో మొదటిసారి మైకు ముందు కూర్చున్న బ్యాండుకు అది చీకట్లో రాయి విసరడమే. ‘బ్లాక్ కీస్’లో ఉన్నది ఇద్దరే, ఒక గిటారు, ఒక డ్రమ్ సెట్టు. వాళ్లకు ఆ మిషన్ చాలింది.

టేపు అతిని ఆపుతుందన్నది కూడా చరిత్రకు నిలవదు. 1975లో ‘క్వీన్’ బృందం ‘బోహీమియన్ రాప్సొడీ’ కోసం 24 ట్రాకుల టేపు మీద గొంతు మీద గొంతు పేర్చుకుంటూ పోయింది. ఎన్నిసార్లు తిప్పారంటే టేపు అరిగి దాని గుండా వెలుతురు కనబడిందని బ్రయాన్ మే చెప్పాడు. ఆ పాట గొప్పది. కాని దాన్ని కన్న పద్ధతికీ, టేపు భక్తులు చెప్పే మితానికీ సంబంధం లేదు.

క్రమశిక్షణ ఎక్కడి నుంచి వస్తుందో 1963 ఫిబ్రవరి 11 చెబుతుంది. ఆ రోజు బీటిల్స్ తమ తొలి ఆల్బం ‘ప్లీజ్ ప్లీజ్ మీ’లోని 14 పాటల్లో 10 ఒక్క రోజులోనే రికార్డు చేశారు, రెండు ట్రాకుల మిషన్ మీద. రెండు ట్రాకులే ఉన్నాయి కాబట్టి చేయగలిగారని అనుకుంటే అది కాళ్లూ తలా తారుమారైన వాదన. హాంబర్గ్ క్లబ్బుల్లో రాత్రికి గంటల తరబడి, లివర్‌పూల్‌లోని కావర్న్ క్లబ్బులో వందల కచేరీలు వాయించి వచ్చారు కాబట్టి చేయగలిగారు. జలుబుతో బొంగురుపోయిన లెనన్ గొంతు పూర్తిగా పోతుందేమోనని ‘ట్విస్ట్ అండ్ షౌట్’ను అన్నిటికన్నా చివర్లో పెట్టుకున్నారు. అలాంటి బ్యాండు ముందు ఏ మిషన్ పెట్టినా ఆ రోజు ఆ ఆల్బం వచ్చేది.

క్రమశిక్షణే కావాలంటే దానికి ఖర్చు లేదు. ఎనిమిది ట్రాకులే, మూడు టేకులే, కత్తిరించి అతికించడం లేదు అని ఒక కాగితం మీద రాసి కంప్యూటర్ పైన గోడకు అంటించవచ్చు. ఆ కాగితానికి కట్టుబడలేని బ్యాండు టేపు మీద మాత్రం, తప్పిన ముక్కను మళ్లీ తీసే పంచ్ ఇన్ బటన్ నొక్కకుండా ఉంటుందా?

4. మన పాత పాటల మాధుర్యం

తెలుగు నేల మీద ఈ చర్చ వచ్చినప్పుడల్లా ఘంటసాల, సుశీల గొంతులు సాక్ష్యానికి వస్తాయి. ఆ పాటల్లో ఉన్నది ఇప్పటి పాటల్లో లేదు, అది అనలాగ్ మహిమేనని తేల్చేస్తారు. మద్రాసు స్టూడియోలలో ఆ రోజుల్లో ఆర్కెస్ట్రా అంతా, పాడేవాళ్లతో సహా, ఒకేచోట కూర్చుని ఒకేసారి వాయించేవారు. చివరి చరణంలో ఒక వయొలిన్ తప్పితే మొదటి నుంచి పాడాలి. అందుకని రిహార్సల్ మీద రిహార్సల్ వేసేవారు. పల్లవి దగ్గర గాయకుడు అర క్షణం ఆగితే తబలా కూడా ఆగేది, ఎందుకంటే ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటున్నారు. ఇప్పటి పాటల్లో కొరవడిందేమైనా ఉంటే ఆ చూపే. ఐదుగురూ ఒకే గదిలో కూర్చుని ల్యాప్‌టాప్‌లోకి వాయించినా అది తిరిగొస్తుంది, ఒక్కొక్కరుగా వచ్చి టేపు మీద వాయించిపోతే రాదు.

5. శాశ్వతత్వం

టేపు నిలుస్తుంది, డిజిటల్ నిలవదు అన్న వాదనకు పెద్ద దిక్కు స్టీవ్ అల్బీని. ‘పిక్సీస్’ బృందం ‘సర్ఫర్ రోజా’ను, ‘నిర్వాణ’ బృందం ‘ఇన్ యుటెరో’ను రికార్డు చేసిన ఈ ఇంజనీరు 2024లో చనిపోయే దాకా టేపునే నమ్మాడు. సాఫ్ట్‌వేర్లు మారిపోతాయి, టేపును చదవడానికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదన్నది అతని వాదనలోని సారం. చిత్తశుద్ధి ఉన్న మనిషి చెప్పిన మాట, తోసిపుచ్చదగ్గది కాదు. కానీ 1970ల నుంచి విరివిగా వాడిన యాంపెక్స్ 456 వంటి టేపుల గతి కూడా చూడాలి. కణాలను పట్టి ఉంచే బంక గాలిలోని తేమను పీల్చుకుని జిగటగా మారుతుంది. ప్లే చేయబోతే టేపు హెడ్డుకు అతుక్కుని కీచుమంటుంది, పూత ఊడి వస్తుంది. వాటిని సుమారు 54 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటల తరబడి వేడిచేసి, ఆ కొద్ది కాలంలోనే కాపీ తీసుకోవాలి. కాపీ తీసేది డిజిటల్‌లోకే. ఇది చలి దేశాల ఆర్కైవులలో జరిగిన కథ. విశాఖపట్నంలోనో కాకినాడలోనో ఏసీ లేని గదిలో బీరువాలో పెట్టిన రీలుకు తేమతో పాటు బూజు కూడా తోడవుతుంది.

మాస్టర్ టేపు ఒక్కటే ఉంటుంది. 2008 జూన్ 1న హాలీవుడ్‌లోని యూనివర్సల్ స్టూడియోస్ ఆవరణలో రేగిన మంటల్లో అలాంటి ఏకైక టేపులు కాలిపోయాయి. ఎన్ని పోయాయన్నదానిపై వివాదముంది గానీ, పోయినవి తిరిగి రావన్నదానిపై లేదు. ఒక వేవ్ ఫైలును ఐదుగురు సభ్యుల ఇళ్లలో ఐదు డిస్కుల్లో పెట్టుకోవచ్చు, ఐదూ అక్షరాలా ఒక్కటే. మూడు నాలుగేళ్లకోసారి కొత్త డిస్కులోకి మార్చుకునే శ్రద్ధ కావాలి, నిజమే. టేపుకు కావాల్సిన శ్రద్ధతో పోలిస్తే అది ఒక మధ్యాహ్నం పని.

అల్బీని గురించి టేపు భక్తులు చెప్పని సంగతి మరొకటుంది. అతను షికాగోలో ‘ఎలక్ట్రికల్ ఆడియో’ స్టూడియో కట్టినప్పుడు గోడల కోసం న్యూ మెక్సికో నుంచి మట్టి ఇటుకలు తెప్పించాడు. గదిలో శబ్దం ఎలా మోగుతుంది, మైకును డ్రమ్ముకు ఎంత దూరంలో పెట్టాలి అన్నదాని మీద జీవితమంతా పెట్టాడు. అతన్ని గురువుగా తలచేవాళ్లు ముందు నేర్చుకోవాల్సింది ఆ గోడల సంగతి.

6. ఇక్కడికి వచ్చిన మిషన్ ఏం చేస్తుంది?

అమెరికా నుంచి ఒక పాత రీలు మిషన్ హైదరాబాద్ చేరిందనుకుందాం. వెనక పలక మీద 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంటుంది. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజీ సరిపోతుంది, ఫ్రీక్వెన్సీ మాత్రం మన 50 హెర్ట్జే. టేపును లాగే క్యాప్‌స్టన్ మోటారు కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి తిరిగే రకమైతే, అది ఆరింట ఐదు వంతుల వేగంతోనే తిరుగుతుంది. అదే మిషన్ మీద తీసి అదే మిషన్ మీద వింటున్నంత కాలం ఏమీ తెలియదు. మిక్సింగ్‌కి ఆ రీలును ఇంకో చోటికి పంపిన రోజున పాట మూడు సెమీటోన్లు పైకి లేచి, గాయకుడి గొంతు చిన్నపిల్లాడి గొంతులా వినబడుతుంది. మోటారు మార్చాలి, లేదా 60 హెర్ట్జ్ పుట్టించే విడి యంత్రం పెట్టాలి.

ఇది కుదిరినా పని ఒడ్డెక్కదు. టేపును నొక్కిపట్టే పించ్ రోలర్ రబ్బరు కరిగి జిగురయ్యి ఉంటుంది. హెడ్డు మీద దూదికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది రుద్దితే ముదురు గోధుమ రంగు పొడి వస్తుంది, రికార్డింగ్ ఉన్న ప్రతి రోజూ ఇలా తుడవాలి. కెపాసిటర్లు ఎండిపోతాయి. కొత్త విడిభాగాలు దొరకవు కాబట్టి చచ్చిన ఇంకో మిషన్ కొని దాన్ని విప్పుకోవాలి. వీటిని చేతి స్పర్శతో సరిచేయగల మెకానిక్కులు ఏటేటా తగ్గిపోతున్నారు.

టేపు సంగతి చెప్పనే లేదు. యాంపెక్స్ టేపుల వారసురాలు క్వాంటెజీ 2005 మొదట్లో ఫ్యాక్టరీ మూసేసింది. ఇప్పుడు స్టూడియో టేపు కోసం ప్రధానంగా ఫ్రాన్స్‌లోని రికార్డింగ్ ద మాస్టర్స్ వైపో, అమెరికాలోని ఏటీఆర్ మాగ్నెటిక్స్ వైపో చూడాలి. 2,500 అడుగుల రీలు సెకనుకు 30 అంగుళాల వేగంతో 16 నిమిషాల 40 సెకన్లకు అయిపోతుంది, 15 అంగుళాలతో 33 నిమిషాలకు. విదేశాల నుంచి తెప్పించిన రీలు అయిపోవస్తుంటే బ్యాండు ఏం చేస్తుంది? బాగానే వచ్చిన టేకును చెరిపి దాని మీదే కొత్తది తీస్తుంది. చెరిపినదే మేలైనదని వారం తర్వాత తెలుస్తుంది. టేపు పొదుపు కోసం మంచి టేకును చంపుకోవడాన్ని క్రమశిక్షణ అనలేం.

7. ఆ డబ్బూ ఆ కాలమూ ఎక్కడ పెట్టాలి?

జస్టిన్ వెర్నన్ 2006-07 చలికాలంలో విస్కాన్సిన్‌లోని తండ్రి వేట కుటీరంలో ఒంటరిగా కూర్చుని ‘బాన్ ఐవర్’ తొలి ఆల్బం ‘ఫర్ ఎమ్మా, ఫరెవర్ అగో’ తీశాడు. మంచు, కట్టెల పొయ్యి, చెక్క గోడలు. ఆ ఆల్బాన్ని వెచ్చదనానికి మారుపేరుగా చెప్పుకునే వాళ్లలో చాలామంది అది టేపు మీద తీసిందనే అనుకుంటారు. అతను వాడింది ఒక కంప్యూటర్, ఎంబాక్స్ అనే చవక ఆడియో ఇంటర్‌ఫేస్, ప్రో టూల్స్ సాఫ్ట్‌వేర్, ఒక షూర్ ఎస్ఎం57. ‘నెబ్రాస్కా’లో వాడిందీ అదే రకం మైకు. 1965 నుంచి తయారవుతూ ఇప్పటికీ వాయిద్యాల దుకాణాల్లో కొత్తది దొరికే మైకు అది. ఒకటి క్యాసెట్, ఒకటి కంప్యూటర్. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నవి ఆ మైకు, నిశ్శబ్దమైన గది, తన పాట తనకు పూర్తిగా తెలిసిన మనిషి. బిల్లీ ఐలిష్ తొలి ఆల్బాన్ని అన్న ఫినియస్ తన పడకగదిలో లాజిక్ ప్రో సాఫ్ట్‌వేర్ మీద తీశాడు. 2019లో వచ్చిన ఆ ఆల్బం మరుసటి ఏడాది గ్రామీల్లో ఆ సంవత్సరపు ఉత్తమ ఆల్బంగా నిలిచింది.

మనకు దగ్గర్లోనూ ఒక సాక్ష్యం ఉంది. ఏఆర్ రెహమాన్ మద్రాసు కోడంబాక్కంలో ఇంటి పెరట్లోనే ‘పంచతన్ రికార్డ్ ఇన్’ కట్టుకున్నారు. పరికరాలు కొనడానికి డబ్బు లేక ఖాళీగా ఉన్న గదిలోకి, తల్లి ఇచ్చిన నగల మీద వచ్చిన డబ్బుతో మొదటి రికార్డర్ కొన్నానని ఆయనే చెప్పారు. 1992లో ‘రోజా’ పాటలు అక్కడి నుంచి వచ్చాయి, తమిళంతో పాటు తెలుగు ఇళ్లలోనూ మోగాయి, తొలి సినిమాకే జాతీయ పురస్కారం తెచ్చాయి. అది సినిమా ఆల్బం, బ్యాండు ఆల్బం కాదు. అయినా ఇంట్లో కూర్చుని తొలి ఆల్బం తీసేవాళ్లకు అంతకన్నా దగ్గరి పాఠం లేదు. పరిశ్రమ అలవాటుపడ్డ పెద్ద ఆర్కెస్ట్రా పద్ధతిని అనుకరించకుండా, ఆనాటికి కొత్తవైన సింథసైజర్లనూ సీక్వెన్సర్లనూ ఇంట్లో పెట్టుకుని, ఎవరూ వినని శబ్దం వెతికారు. తల్లి నగలు పోయింది అందుకోసం.

కాబట్టి తొలి ఆల్బానికి దిగే బ్యాండు మొదట ఖర్చు చేయాల్సింది వాయించే వస్తువుల మీద. డ్రమ్ములకు కొత్త తోళ్లు, గిటార్లకు కొత్త తీగలు, ఫ్రెట్ల శృతి సరిచూడటం. తర్వాత గది. మధ్యలో నిలబడి గట్టిగా చప్పట్లు కొడితే గోడల నుంచి ఠంగున తిరిగొచ్చే ధ్వని ఉంటే, బొంతలు, పరుపులు, నిండా పుస్తకాలున్న అలమార పెట్టి దాన్ని అణచాలి. ఆ తర్వాత నాలుగైదు మంచి మైకులు, ఎనిమిది ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్, అందరూ ఒకేసారి వాయించగలిగేటట్టు. పాటల్ని జనం ముందు వాయించి, ఎక్కడ జనం కదిలారో ఎక్కడ ఫోన్లు తీశారో చూసుకుని, రికార్డింగ్ ఆ తర్వాతే. మిక్సింగ్ మాత్రం బ్యాండులో లేని మనిషికి అప్పగించాలి, తన గిటారు తనకే పెద్దగా వినబడాలన్న ఆశ లేని చెవి కావాలి కనుక.

ఇంట్లో ఇప్పటికే పాత మిషన్ ఉన్నవాళ్లు దాన్ని వాడుకోవచ్చు, చివరి అడుగులో మాత్రం. పూర్తయిన మిక్స్‌ను ఒకసారి టేపు గుండా పంపి, వెనక్కి కంప్యూటర్లోకి తీసుకుని, రెండు కాపీల శబ్దం స్థాయి సమానం చేయాలి. ఏది ఏదో తెలియకుండా బయటి మనిషి చేత మార్చి మార్చి వినిపించుకోవాలి, ఐదుగురూ విడివిడిగా చీటీ రాయాలి. టేపు కాపీ ఏదో ప్రతిసారీ గుర్తుపట్టి, అదే నచ్చిందని ఐదుగురూ రాస్తే దాన్నే విడుదల చేయాలి. గుర్తుపట్టలేకపోతే ఆ మిషన్ అమ్మేసి డ్రమ్మర్‌కి మంచి సింబల్స్ కొనివ్వాలి.